పగ కన్నా సాధనే రక్తి

ప్రశ్న: పాత హాంకాంగ్ కుంగ్‌ఫూ సినిమాల్లో చాలావాటిది ఒకే కథ. గురువును చంపుతారు, శిష్యుడు పగ తీర్చుకుంటాడు. అయినా విసుగు పుట్టదేం?

జవాబు: అసలు ఆకర్షణ పగలో లేదు, సాధనలో ఉంది. 1978 నాటి ‘ద 36త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్’లో హీరో చేతులకు కత్తులు కట్టుకుని నీళ్ల బకెట్లు మోస్తాడు. చెయ్యి వాలిందా, కత్తి డొక్కలో గుచ్చుకున్నట్టే! ఆ కష్టం చూశాం గనకే చివరి దెబ్బను నమ్ముతాం. దర్శకుడు లావ్ కార్ లియుంగ్ స్వతహాగా ఫైట్ మాస్టర్. కెమెరాను వెనక్కి జరిపి తల నుంచి పాదం దాకా చూపిస్తాడు, ఊరికే కట్ చేయడు. ఆ రోజుల్లో వేగం కోసం సెకనుకు 24కు బదులు 22 ఫ్రేములు తీసి, తెర మీద 24 చొప్పునే ఆడించడమూ మామూలే. మరీ తగ్గిస్తే పోరాటం కాస్తా కామెడీ అయిపోతుంది. శిక్షణ ఘట్టాలు కత్తిరించిన ప్రింటైతే మాత్రం చూడకండి.