పంటి ఎక్స్‌రేలో సైనస్ సిస్ట్ కనిపిస్తే భయపడాలా?

భీమవరంలో పన్ను చూపించుకోడానికి వెళ్తే, దవడ మొత్తం తీసే ఓపీజీ ఎక్స్‌రేలో సైనస్‌లో సిస్ట్ ఉందన్నారు, క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉందని ఒకరు అడిగారు. చాలామందిలో అది క్యాన్సర్ కాదండీ. సైనస్ అంటే బుగ్గ ఎముక వెనకున్న గాలి గది, అందులో లోపలి పొరలోని చిన్న గ్రంథి దారి మూసుకుపోయి ద్రవం నిండితే, ఎక్స్‌రేలో ఆ గది అడుగున గుమ్మటంలా కనిపిస్తుంది. సాధారణంగా నొప్పీ గిప్పీ ఉండదు, కొందరిలో దానంతటదే తగ్గిపోతుంది కూడా.

అలర్జీ, తరచూ వచ్చే సైనసైటిస్ (సైనస్ లోపలి పొర వాపు) ఉన్నవాళ్లలో ఇది రావచ్చు. వరి నూర్పిళ్ల దుమ్ముకి ఆగకుండా తుమ్మేవాళ్లు మన డెల్టాలో తక్కువేం కాదు, అలాంటివాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. పొగతాగడం గురించి మాత్రం అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. నేనైతే ముందు పై దవడ పళ్లే చూపించుకోమంటాను, ఎందుకంటే ఆ దంతాల వేర్లు సైనస్ అడుగుకి ఆనుకుని ఉంటాయి, అక్కడ చీము పడితే పైనున్న సైనస్ పొర ఉబ్బి ఎక్స్‌రేలో ఇలాగే కనిపించొచ్చు.

ముక్కులో ఒక వైపు నుంచే దుర్వాసనతో చీము, రక్తం, బుగ్గ వాపు, తిమ్మిరి ఉంటే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పై దవడలో ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకునే ఆలోచనుంటే ఈ సిస్ట్ సంగతి ముందే చెప్పండి.