ఇల్లు అమ్మి అబ్బాయికి ఇచ్చేయమంటారా?

ప్రశ్న: మాది తెనాలి. వయసు 61. ప్రైవేటు మిల్లులో చేసి మొన్నే రిటైరయ్యాను. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 38 లక్షలు వచ్చాయి, పీఎఫ్ పెన్షన్ నెలకు 2,600. సొంత డాబా ఉంది. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి, ఇల్లు అమ్మి ఈ డబ్బు కూడా కలిపితే తన పేరున ఫ్లాట్ కొంటాననీ, అందరం ఒకేచోట ఉందామనీ అంటున్నాడు. ఒక్కడే కొడుకు. ఎప్పటికైనా వాడిదే కదా, ఇప్పుడే ఇచ్చేస్తే తప్పేంటి?

జవాబు: ఎప్పటికైనా అతనిదే, కాదనను. కానీ ఆ 'ఎప్పటికైనా' వచ్చేలోపు మీ దంపతులిద్దరికీ ఇంకో పాతికేళ్ల బతుకు ఉండొచ్చు, అది ఎవరి చేతి డబ్బుతో గడుస్తుందో ఇప్పుడే తేల్చుకోవాలి.

మీ అబ్బాయి మీద నాకు అనుమానమేమీ లేదండీ. ఇలాగే అంతా ఇచ్చేసిన ఒక పెద్దాయన నాకు తెలుసు, కళ్లజోడు కాడ విరిగితే మూడు వారాలు దారం కట్టుకుని తిరిగారు. కొడుక్కి చెబితే ఆ సాయంత్రమే కొనిచ్చేవాడు. ఈయనే అడగలేకపోయారు, ఎందుకంటే హాల్లో కూర్చుంటే ఈఎంఐ అనీ, పిల్లల స్కూల్ ఫీజు అనీ వాళ్ల మాటలు చెవిన పడుతూనే ఉంటాయి, ఇప్పుడెందుకులే అని ఊరుకున్నారు. నలభై ఏళ్లు ఇంటికి జీతం తెచ్చిన మనిషి!

ఇక లెక్కకొద్దాం. 30 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి, ఒకరి పేరున వేయగలిగే గరిష్ఠం అదే. ఇది రాస్తున్న నాటికి వడ్డీ 8.2 శాతం, అంటే మూడు నెలలకోసారి 61,500 మీ ఖాతాలో పడుతుంది. పెన్షన్‌తో కలిపితే నెలకు 23 వేలు, ఇంటద్దె లేని తెనాలిలో ఇద్దరికి ఇబ్బంది ఉండదు. ఐదేళ్ల గడువు తీరాక పొడిగించుకోవచ్చు, కాకపోతే అప్పటి వడ్డీ రేటు వర్తిస్తుంది. నాలుగు లక్షలు ఆసుపత్రి ఖర్చులకని ఎఫ్‌డీలో ఉంచండి, ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే వాటికి కవర్ మొదలవడానికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు కాబట్టి ఆలస్యం చేసే కొద్దీ మీకే నష్టం. మిగిలిన నాలుగు లక్షలు మీ అబ్బాయికి ఇవ్వండి, మనస్ఫూర్తిగా. తండ్రి ఇచ్చిన డబ్బుకి కొడుకు పన్ను కట్టక్కర్లేదు.

ఇల్లు మాత్రం అమ్మొద్దు, రాసివ్వొద్దు కూడా. వీలునామా రాయండి చాలు. తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్ల చేత కూడా సంతకాలు పెట్టిస్తే చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు (చేయిస్తే మంచిదే), బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ అలా కాదు, రిజిస్టరయ్యాక ఇల్లు మీది కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. ఉంది, చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చి, వాళ్లు చూడకపోతే రద్దు చేయించుకోవచ్చు. కానీ అందుకోసం కన్న కొడుకు మీద ఫిర్యాదు పట్టుకుని ట్రిబ్యునల్ మెట్లెక్కాలి, మీరు ఎక్కుతారా? నాకైతే నమ్మకం లేదు.

కలిసి ఉండాలని ఉంటే ఇంటికి తాళం వేసి ఆరు నెలలు హైదరాబాద్‌లో ఉండి చూడండి. అక్కడే బాగుందనిపించి ఫ్లాట్‌లో డబ్బు పెట్టాలనుకుంటే, పెట్టినంత వాటా మీ పేరున రిజిస్టర్ కావాలి. ఇది అడగడానికి మొహమాటపడకండి, బ్యాంకు వాళ్లు లోన్ ఇచ్చేటప్పుడు మొహమాటపడుతున్నారా?

ఇంకో మాట. ఉత్తరమంతా చదివాను, అమ్మగారు ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు. తెలిసిన వీధి, పక్కింటివాళ్లు, తన వంటిల్లు, ఇవన్నీ వదిలి రావాల్సింది ఆవిడ కూడా కదా. స్కీమ్ ఖాతా ఆవిడతో జాయింట్‌గా తెరవండి, మీ తర్వాత, అప్పటికి ఆవిడకు స్కీమ్ అర్హత ఉంటే, ఆవిడే కొనసాగించుకోవచ్చు. ఫారం మీద సంతకం పెట్టించేముందు ఆవిణ్ణి ఓసారి కూర్చోబెట్టి అడగండి, హైదరాబాద్ వెళ్దామా అని.