పిట్టలు రావాలంటే రెండు బండలు లేపండి

ప్రశ్న: మాది కర్నూలు. పోయినేడాది రిటైరయ్యాను. పిట్టల్ని చూడటం, ఇంటి దగ్గరికే పిట్టలూ సీతాకోకచిలుకలూ వచ్చేలా తోట పెంచడం హాబీగా పెట్టుకుందామనుకుంటున్నా. అరవై వేలు పెట్టి కెమెరా కొని, మొదటి ట్రిప్పు రోళ్లపాడుకు పోయి బట్టమేక పిట్టను ఫొటో తీయాలని ప్లాన్. ఇంటి చుట్టూ బేతంచెర్ల బండలు పరిపించాం కాబట్టి మొక్కలన్నీ కుండీల్లోనే. మా ఆవిడకు పురుగులంటే గిట్టదు. మనవళ్ల కోసం రెండు రామచిలుకల్ని పంజరంలో పెంచుదాం అంటోంది. ఎలా మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు చిలుకల సంగతి తేల్చేద్దాం. వద్దు సార్. 2018 నుంచి రామచిలుక మన రాష్ట్ర పక్షి. ఆ గౌరవం పక్కన పెట్టినా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెట్టడం నేరం. మనవళ్లకు చిలుకలు చూపించాలంటే పొద్దుగూకే వేళకు మిద్దె ఎక్కించండి. గుంపులు గుంపులుగా అరుచుకుంటూ చెట్ల మీదికి పోతుంటాయి, మేత ఖర్చు కూడా లేదు.

రోళ్లపాడు సంగతి. 1988లో ఆ అభయారణ్యం ఏర్పాటైంది బట్టమేక కోసమే, నిజమే. కానీ ఇప్పుడు అక్కడికి పోతే అది కనిపిస్తుందనే ఆశ మాత్రం పెట్టుకోకండి. దేశం మొత్తం మీదే వేళ్ల మీద లెక్కపెట్టేంత దగ్గరికి వచ్చేసిన పిట్ట అది. అలాగని పోవద్దనడం లేదు, డిసెంబరు జనవరుల్లో పోండి. కృష్ణజింకలు ఉంటాయి. చీకటి పడే ముందు హారియర్లనే వలస గద్దలు గడ్డి మీద బాగా కిందుగా ఎగురుతూ వచ్చి ఆ గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. గద్ద చెట్టెక్కకుండా నేల మీద పడుకోవడమేందని నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు. వాటి ఫొటో కోసం గడ్డిలోకి దిగి నడవకండి, అంతే. అయినా మొదటి ట్రిప్పే అంత దూరం ఎందుకు, గార్గేయపురం చెరువు మీకు దగ్గరే కదా. ఆదివారం పొద్దున ఆరింటికల్లా పోయి ఎనిమిదింటికి ఇంటికొచ్చి టిఫిన్ చేయొచ్చు.

కెమెరా ఆపండి. మొదట బైనాక్యులర్ కొనండి, 8x42 అని రాసి ఉన్నది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి తెల్లవారుజామున కూడా వెలుతురు సరిపోతుంది. ఇరవై రెట్లు, ముప్పై రెట్లు అని అమ్మేవాటి జోలికి పోకండి, చెయ్యి కాస్త వణికితే పిట్ట కాదు, కొమ్మ కూడా కనపడదు. ఫోనులో మెర్లిన్ యాప్ వేసుకుంటే కూతను బట్టి పిట్ట పేరు చెబుతుంది. మన వీధుల్లో ఆటో హారన్ల మధ్య అప్పుడప్పుడూ తప్పు చెబుతుంది కూడా, కాబట్టి కంటితో చూశాకే నమ్మండి. కెమెరా ఒక ఏడాది తర్వాత, అప్పటికీ ఈ పిచ్చి తగ్గకపోతే.

ఇప్పుడు అసలు విషయం, మీ బండలు. కర్నూలు మే నెల ఎండకు ఆ బండల మీద చెప్పుల్లేకుండా నిలబడగలరా? పిట్టా నిలబడలేదు. పైగా కింద మట్టి ఊపిరాడక వానపాము, పేడపురుగు లాంటివి బతకడం కష్టం, అవి లేని చోట గోరువంకకు పనేముంది? కాంపౌండు గోడ పక్కన రెండు బండలు లేపించండి. రెండు చాలు. ఒకచోట కరివేపాకు, ఇంకోచోట తంగేడు వేయండి, మధ్యలో ఒక మందార. తంగేడు బీడు భూముల్లో నీళ్లు పోసేవాళ్లు లేకుండానే పెరిగే మొక్క, నర్సరీలో అడిగితే మిమ్మల్ని వింతగా చూస్తారు, ఊరి బయట గింజలు ఏరుకు రండి. మందార పూసిందంటే తేనెపిట్ట దానంతట అదే వస్తుంది. జిల్లేడు మీద కూడా ఒక రకం సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది కానీ దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. రోడ్డు పక్కన చూడండి చాలు. కోనోకార్పస్ అని పచ్చగా, నీటుగా పెరిగేది ఒకటి అంటగడతారు, మన పిట్టలకూ సీతాకోకలకూ దానితో పెద్దగా పనిలేదు, వదిలేయండి.

ఇక అమ్మగారి పురుగుల భయం. కరివేపాకు మీద పిట్టరెట్టలాగా ఏదో అంటుకుని ఉంటే దులిపేస్తాం కదా, అది రెట్ట కాదు, గొంగళిపురుగు. పిట్టలు తినకుండా అలా వేషం వేసుకుంటుంది. పెద్దయ్యేకొద్దీ ఆకుపచ్చగా మారి, గూడు కట్టుకుని, గుడ్డు నుంచి లెక్కేస్తే నెల అటూఇటూగా నల్లటి పెద్ద సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. కుట్టదు, కరవదు. మనవళ్ల చేత రోజుకో ఫొటో తీయించండి, అమ్మగారే ముందుగా పోయి చూస్తారు. తాలింపుకు నాలుగు రెబ్బలు తక్కువైతే అయ్యాయి. మందు మాత్రం కొట్టకండి. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పెట్టేది పురుగుల్నే, పురుగు లేకపోతే పిచ్చుక పిల్ల లేదు.

నీళ్లకు వెడల్పాటి మట్టి మూకుడు చాలు, రెండంగుళాల లోతు మించకుండా, మధ్యలో ఒక రాయి పెట్టి నీడలో ఉంచండి. రోజూ పారబోసి కడిగి నింపాలి, వారం వదిలేస్తే దోమల్ని పెంచినవాళ్లవుతారు. పిల్లి నక్కి కూర్చోవడానికి వీలున్న చోట పెట్టకండి. పిచ్చుక పెట్టె కొంటారేమో, నా అనుభవం చెబుతా: ఏప్రిల్‌లో పడమటి గోడకు వేలాడదీశా, మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది. రెండేళ్లు చీమలు కాపురం చేశాయి. వరండా లోపలికి మార్చాక గానీ పిచ్చుక తొంగి చూడలేదు.

రోజూ పావుగంట కూర్చుని ఏ పిట్ట, ఎన్ని, ఎప్పుడు అని నోటుబుక్కులో రాయండి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల లెక్క జరుగుతుంది, మన దేశంలో 2013 నుంచి. అందులోనూ కనీసం పావుగంట చూసి ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైటులో ఎక్కించడమే పని, కాబట్టి మీకు అప్పటికే అలవాటై ఉంటుంది.

ప్రశ్న: అనంతపురంలో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. బాల్కనీలో జొన్నలు చల్లితే పావురాలు తప్ప ఇంకేవీ రావడం లేదు, ఓనరు గొడవ.
- ఒక పాఠకురాలు

జవాబు: ఓనరు పక్షమే నేను. జొన్నలు ఆపేయండి, పావురాలు మెల్లగా పలచబడతాయి. నీళ్ల మూకుడు, ఒక తులసి కుండీ చాలు, పూలకు తేనెటీగలు వస్తాయి. మిగతా ముచ్చట తీరాలంటే చిలమత్తూరు దగ్గర వీరాపురం పోయి రండి, ఊళ్లో చింతచెట్ల మీదే పెద్ద పెద్ద కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి. అందరూ సైబీరియా కొంగలంటారు గానీ అవి మన దేశపువే, గూళ్ల కోసం చోటు మారుతుంటాయి.

ప్రశ్న: కడపలో డిగ్రీ చదువుతున్నాం. నలుగురం టార్చిలైట్లు తీసుకుని రాత్రి లంకమల అడవిలోకి పోయి కలివికోడిని వెతుకుదామని ఉంది.
- ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ పక్షి పరిశోధకుడు రాసిపెట్టిన ఈ పిట్ట 1900 తర్వాత కనిపించక, పోయిందనుకున్నాక 1986లో మీ జిల్లాలోనే మళ్లీ బయటపడింది. అదీ అడవి తెలిసిన మీ ప్రాంతపు మనిషి ఒకతను పట్టుకొచ్చి చూపిస్తే. రాత్రి తిరిగే పిట్ట, కాళ్ల కింద పొదలు తొక్కుకుంటూ టార్చి కొట్టడం దానికే చేటు. దీని చుట్టం ఒకటుంది, ఇండియన్ కోర్సర్. పగలే దున్నిన చేలల్లో, గొర్రెలు మేసే బయళ్లలో నాలుగడుగులు పరిగెత్తి ఆగి, మళ్లీ పరిగెత్తుతుంది. తల పైన ఇటుక రంగు, కంటి మీదుగా తెల్ల గీత, నల్ల గీత. గొర్రెల కాపరుల్ని అడగండి, వాళ్లకు తెలిసే ఉంటుంది. దాన్ని వాళ్లు ఏమని పిలుస్తారో మాత్రం నాకు రాయండి.