సెలక్షన్ లిస్టులో పేరు లేకపోతే ఆట అయిపోయినట్టేనా?

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. మాది బొల్లారం. అండర్-14 ఫుట్‌బాల్ సెలక్షన్స్‌కి రెండేళ్లు వరసగా వెళ్లాను, రెండుసార్లూ ‘ఆట బాగుంది కానీ మరీ పొట్టిగా ఉన్నావు’ అని పంపేశారు. నేను డిసెంబర్‌లో పుట్టాను. ఈ ఏడాది నుంచి అండర్-17లో ఆడాలి, అక్కడ అందరూ నాకంటే పెద్దోళ్లే. పైగా పోయిన నెల చీలమండ బెణికింది. వచ్చే ఏడాది టెన్త్, ఇక బాల్ పక్కన పెట్టమని నాన్న అంటున్నారు. మానేయనా?

జవాబు: మానేయకు బాబూ.

నీ ఉత్తరంలో నువ్వు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను, డిసెంబర్‌లో పుట్టానన్నావు చూడు, అక్కడ. వయసు లెక్క జనవరి 1 నుంచి వేస్తారు కాబట్టి అదే ఏడాది జనవరిలో పుట్టినవాడు నీకంటే పదకొండు నెలలు పెద్ద, ఆ వయసులో పదకొండు నెలలంటే కొందరికి నాలుగు వేళ్ల ఎత్తు. అందులోనూ కొంతమంది మగపిల్లలు పదమూడేళ్లకే సాగిపోతారు, కొంతమంది పదిహేను దాటాక సాగుతారు. నేను పీఈటీగా ఉన్న రోజుల్లో కప్పు గెలవాలన్న తొందరలో పొడుగు పిల్లల్నే ఏరుకున్నాను. నోటీసు బోర్డు మీద లిస్టులో తన పేరు కోసం వేలితో పైనుంచి కిందికి మూడుసార్లు వెతికిన ఓ పిల్లాడు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తప్పు వాడిది కాదు, నాది.

ఫ్రాన్స్ ఫుట్‌బాలర్ ఆంటోయిన్ గ్రీజ్‌మన్ పేరు వినే ఉంటావు. చిన్నగా ఉన్నాడని ఫ్రాన్స్‌లో క్లబ్బుల మీద క్లబ్బులు వద్దంటే పద్నాలుగేళ్లకు ఇల్లు వదిలి స్పెయిన్‌లో రియల్ సొసియెడాడ్ క్లబ్బుకి వెళ్లాడు. 2018 వరల్డ్ కప్ ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అతనే. అంత దూరం ఎందుకు, మీ పక్కనే అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఆయన ఆడిన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది, ఫైనల్లో అదే కొరియాను 2-1తో కొట్టి గోల్డ్ తెచ్చింది. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్.

ఇప్పుడు నీ కాలి సంగతి. వాపు తగ్గింది కదా అని గ్రౌండ్‌కి పరిగెత్తకు, బెణికిన చోటే మళ్లీ బెణుకుతుంది. డాక్టర్ సరే అన్నాక పొద్దున పళ్లు తోముకునేటప్పుడు ఆ ఒంటికాలి మీద అరనిమిషం నిలబడు, తూలుతున్నావంటే ఇంకా టైముంది. నొప్పి లేకుండా ఆ కాలి మీద గెంతగలిగిన రోజునే మ్యాచ్ మాట. తర్వాత రోజూ గోడకేసి కొట్టి తిరిగొచ్చిన బంతిని ఎడమకాలితో ఆపు, అది నీ దగ్గరికి వచ్చేలోపే ఓసారి భుజం మీదుగా వెనక్కి చూడు. వెనక ఎవడున్నాడో ముందే తెలిసినవాడిని ఎంత పొడుగువాడైనా అంత తేలిగ్గా నెట్టలేడు.

నాన్నతో వాదన పెట్టుకోకు. టెన్త్ గురించి ఆయనకున్న టెన్షన్ న్యాయమైనదే. సాయంత్రం ఒక గంట ఆట, మిగతాది చదువు అని కాగితం మీద రాసి ఇవ్వు, నెల రోజులు తప్పకుండా చేసి చూపించు. ఆ తర్వాత ఓ ఆదివారం ఆయన్ని గ్రౌండ్‌కి తీసుకెళ్లు, నీ ఆట ఆయన ఇంతవరకూ చూశారో లేదో నువ్వు రాయలేదు.