విద్యుత్ కారు: బ్యాటరీ సొంతమా, అద్దెకా?

ప్రశ్న: బ్యాటరీతో కలిపి 13.5 లక్షల రూపాయలయ్యే కారును బ్యాటరీ అద్దె పద్ధతిలో 9.99 లక్షలకే ఇస్తామని, కిలోమీటరుకు 3.50 రూపాయల చొప్పున కడితే చాలని షోరూంలో చెబుతున్నారు. నెలకు కనీసం 1,500 కిలోమీటర్లకు అద్దె కట్టాలన్న షరతు ఉంది. మేము నెలకు 900 కిలోమీటర్లకు మించి తిరగము. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ వాడకానికి బ్యాటరీతో సహా కొనడమే మేలు. 2024 సెప్టెంబరులో ఎంజీ సంస్థ విండ్సర్ కారుతో ఈ పద్ధతిని ముందుకు తెచ్చినప్పటి నుంచి చాలామంది 9.99 అన్న అంకె దగ్గరే ఆగిపోతున్నారు. రెండు ధరల మధ్య తేడా 3.51 లక్షలు, కిలోమీటరుకు 3.50 చొప్పున అంత మొత్తం కావాలంటే లక్ష కిలోమీటర్లు తిరగాలి కాబట్టి పైకి అద్దె పద్ధతే లాభసాటిగా కనిపిస్తుంది. కానీ కనీస షరతు వల్ల బండి తీసినా తీయకపోయినా మీరు నెలకు 5,250 రూపాయలు కట్టవలసిందే. మీరు తిరిగే 900 కిలోమీటర్లకు అది కిలోమీటరుకు 5.83 రూపాయలు పడుతుంది. అయిదున్నరేళ్లు దాటేసరికి అరవై వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగి, తేడా మొత్తాన్నీ కట్టేసి ఉంటారు. చార్జింగ్‌కు అయ్యే కరెంటు ఖర్చు దీనికి అదనం. ఆ 3.51 లక్షలనూ అప్పు తేవలసి వస్తే మాత్రం, దాని వడ్డీని కూడా కలిపి పోల్చి చూడండి.

డబ్బు లెక్క కంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. అద్దె అని పిలుస్తున్నా, చాలా సందర్భాల్లో ఇది ఫైనాన్స్ సంస్థ బ్యాటరీ మీద విడిగా ఇచ్చే అప్పే. వాయిదాలు ఎన్నేళ్లు కట్టాలి, ఆ తర్వాత బ్యాటరీ ఎవరి సొంతమవుతుంది, మధ్యలో కారు అమ్మితే మిగిలిన బాకీ ఎవరు తీర్చాలి అన్న మూడింటికీ ఒప్పంద పత్రంలోనే సమాధానం ఉండాలి. సేల్స్ సిబ్బంది నోటిమాట మీద సంతకం చేయవద్దు.

తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. ఆ గడువులోపు కొంటే, షోరూం ఇచ్చే కొటేషన్‌లో ఈ రెండు పద్దులూ ఉండకూడదు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో పెద్ద చార్జర్ పెట్టనివ్వడం లేదు. మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌తో సరిపెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు తిరిగేవారికి అది చాలు. ఖాళీ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే రాత్రంతా చాలకపోవచ్చు గానీ, ఆ రోజు తిరిగినంత మేరకు నింపుకోవడానికి మూడు గంటలు సరిపోతాయి. అయితే అది గంటల తరబడి ఆగకుండా కరెంటు లాగే పని కనుక, మీ మీటరు నుంచి విడిగా తగినంత మందం గల వైరు లాగించి, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటును ఆపేసే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించి, ఎర్తింగ్ పరీక్ష చేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గంటసేపు చార్జింగ్ అయ్యాక స్విచ్ ఆపి ప్లగ్గు తాకి చూడండి. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమ రంగు మరక కనిపించినా వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి.

ప్రశ్న: 2021 నాటి టాటా నెక్సాన్ ఈవీ విద్యుత్ కారు అమ్మకానికి వచ్చింది. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బ్యాటరీ బాగుంటే నిస్సందేహంగా కొనవచ్చు. ఆ తొలి మోడల్‌లో ఉన్నది 30.2 యూనిట్ల బ్యాటరీ. కంపెనీ ప్రకటించిన 312 కిలోమీటర్లు పరీక్షాశాల లెక్క; కొత్తలో కూడా రోడ్డు మీద రెండు వందలకు అటూ ఇటూగా వచ్చేవి. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఉంది కనుక, అది మీ పేరుకు మారుతుందో లేదో సర్వీసు సెంటర్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. బ్యాటరీ ఆరోగ్య నివేదిక కూడా అక్కడే తీయించండి. నివేదికతో సరిపెట్టుకోకుండా, పూర్తిగా చార్జ్ చేసి, ఏసీ వేసుకుని, ఇరవై శాతానికి దిగేదాకా స్వయంగా నడిపి చూడటం అవసరం. ఒక పూట పోయినా, లక్షల విలువ చేసే బ్యాటరీ సంగతి అందులోనే తేలుతుంది.

బండి విజయవాడ వైపు నుంచి వచ్చిందైతే మరింత జాగ్రత్త పడాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఎన్నో వాహనాలు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి. లోపలి భాగాన బురద చార ఉన్నా, సీటు కింది బోల్టులు తుప్పు పట్టి ఉన్నా, ఎంత చవకగా ఇచ్చినా ఆ బేరం వదులుకోండి. పాత బీమా క్లెయిముల వివరాలు కూడా అడగండి. బ్యాటరీ పెట్టెలోకి నీరు చేరిన కారు నెలల తర్వాత కూడా మొరాయించవచ్చు, అంతకన్నా పెద్ద ప్రమాదమూ తేవచ్చు.

ప్రశ్న: మా ఆఫీసు ద్వారా లీజుకు తీసుకోవడం మంచిదా, అప్పు చేసి కొంటే వచ్చే పన్ను మినహాయింపు మంచిదా?
– ఒక ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీరు విన్న మినహాయింపు, అంటే విద్యుత్ వాహన అప్పు వడ్డీపై ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈఈబీ సెక్షన్ ఇచ్చేది, 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే వర్తిస్తుంది, కొత్త అప్పుకు దానిని లెక్కలో వేసుకోవద్దు. లీజు విషయంలో, మధ్యలో ఉద్యోగం మారితే కట్టవలసిన మొత్తం ఎంతో ముందే రాయించుకోండి. మూడు, నాలుగేళ్లలో సంస్థ మారే ఆలోచన ఉంటే లీజు జోలికి పోకపోవడమే మంచిది.