కష్టం మనిషిని రాటుదేలుస్తుందంటారు కదా, మరి వరద దాటి ఇన్నాళ్లయినా నాకు వానంటే ఎందుకింత భయం?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు చెన్నై వేళచ్చేరిలో మీ గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు మునిగింది. సామాన్లు మళ్లీ కొనుక్కున్నారు, ఉద్యోగం బాగానే ఉంది. కానీ రాత్రిపూట వాన మొదలైతే లేచి కూర్చుంటున్నారు. మీ బావగారేమో "ఇంకా ఎన్నాళ్లు? ఇలాంటివే మనిషిని గట్టిపరుస్తాయి" అంటున్నారు. నాలో గట్టిపడిందేమీ కనపడట్లేదు, లోపం నాదేనా అని మీ ప్రశ్న.

లోపమేమీ లేదండీ. మీ బావగారు రెండు వేరే సంగతులను కలిపేశారు. భయం, నిద్ర పట్టకపోవడం ఒకటి. కష్టం తర్వాత మనిషిలో వచ్చే మార్పు ఇంకొకటి. ఒకటి పోతేనే రెండోది వస్తుందని లేదు, రెండూ కలిసి ఒకే మనిషిలో ఏళ్ల తరబడి ఉండొచ్చు. ఒక్కోసారి రెండోది అసలు రాదు, దానికీ సిగ్గుపడాల్సింది లేదు.

మాది 2015 చెన్నై వరద బ్యాచ్. అప్పట్లో జాఫర్‌ఖాన్‌పేటలో, అడయారు నదికి దగ్గర్లో అద్దెకుండేవాళ్లం. మా ఆయనకు ఈక్కాట్టుతాంగల్‌లో చిన్న లేత్ షెడ్డు. డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారని తర్వాత ప్రభుత్వం లెక్క చెప్పింది. తెల్లారేసరికి మా ఇంట్లో బీరువా మునిగింది, షెడ్డులో మోటార్లన్నీ నీళ్ల కిందే. మేడమీద ఇంటివాళ్ల హాల్లో తలదాచుకున్నాం. నీళ్లు తీశాక చూస్తే బీరువా తాళం బురదకు బిగుసుకుపోయింది, గడ్డపారతో పెకలించాల్సి వచ్చింది. పట్టుచీరల రంగులు ఒకదానికొకటి పట్టేశాయి. అమ్మాయి మార్కుల లిస్టులు ఒక్కొక్కటే విడదీసి, దండెం మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేశాం. పెళ్లి ఆల్బమ్ మాత్రం ఇటుకలా గట్టిపడిపోయింది, దాన్ని తెరవడం ఎవరి వల్లా కాలేదు.

మొదటి కొన్ని నెలలు భయపడడానికి తీరికెక్కడిది? బురద ఎత్తిపోయడం, నష్టపరిహారం అర్జీలు, గ్యాస్ బుక్కు, రేషన్ కార్డు. అసలు భయం మరుసటి ఏడాది అక్టోబరులో, అందరూ మర్చిపోయాక వచ్చింది. మా ఆయన పొద్దున్నే పేపరు తీస్తే ముందు చూసేది చెరువుల నీటిమట్టం. చెంబరంబాక్కం నిండు మట్టం 24 అడుగులు. 21 దాటిందంటే ఆ పూట అన్నం సహించేది కాదు. రాత్రి చినుకు పడితే టార్చి పట్టుకుని బయటికి వెళ్లి మురుగుకాలువ మూత దగ్గర నిలబడేవారు. ఏమైనా అడిగితే కసురుకునేవారు. కోపం ఇందులో పెద్ద భాగమని చాలామందికి తెలీదు. దేవుడు కురిపించిన వానంటే ఏదో సరిపెట్టుకుంటాం. మనిషి చేతిలోని గేటు సంగతి అనేసరికి మనసు ఊరుకోదు. ఆ వరదను ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా మానవ తప్పిదం వల్ల వచ్చిన విపత్తనే తేల్చింది. అది చదివాక ఆయన కోపం ఇంకా పెరిగింది.

విపత్తు జరిగిన తొలి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం మామూలే. ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా ఆ రాత్రి పదేపదే కళ్లముందుకు రావడం, ఆ చోటును, ఆ మాటను తప్పించుకు తిరగడం, ఎప్పుడూ కాచుకుని కూర్చున్నట్టుండడం, దాంతో ఇల్లూ పనీ దెబ్బతినడం ఉంటే డాక్టర్లు దాన్ని పీటీఎస్‌డీ, అంటే పెద్ద విపత్తు తర్వాత మనసును పట్టి వదలని జబ్బు, కోణంలో చూస్తారు. మీకు అదేనని నేను చెప్పలేను, కానీ రెండు వానాకాలాలు దాటినా తగ్గలేదంటే చూపించుకోవడం ఆలస్యమైనట్టే. మా ఆయనకు మొదట చూసిన డాక్టరు నిద్రమాత్రలు రాసి పంపేశారు. నిద్ర పట్టేది, పొద్దున్నే మబ్బు పట్టగానే మళ్లీ మొదలు. ఆ రకం మాత్రలు ఈ జబ్బును తగ్గించవు, అలవాటు చేస్తాయి. తర్వాత దొరికిన సైకాలజిస్టు ఆ రాత్రిని మొదటి నుంచి చివరిదాకా వరసగా చెప్పించారు, ఒకసారి కాదు, వారం వారం. మొదట్లో ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. తర్వాత తర్వాత ఆ కథలో తను నిలబడి చూసిన చోటే కాకుండా, పక్కింటి పెద్దాయన్ని ఎత్తుకుని మెట్లెక్కించిన సంగతి కూడా గుర్తొచ్చిందట. అంతవరకూ ఆ ముక్క ఆయన నోట రాలేదు.

ఇక కష్టం తర్వాత వచ్చే మార్పు, అదే ఎదుగుదల సంగతి. 1990ల నడుమ టెడెస్కి, కాల్హూన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు దీన్ని లెక్కించడానికి 21 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తన బలం తనకు తెలియడం, దైవచింతన, బతుకు విలువ తెలియడం అని 5 వైపుల నుంచి చూస్తారు. వాళ్లు గట్టిగా చెప్పిన మాటొకటుంది: మార్పు తెచ్చేది విపత్తు కాదు, దాని తర్వాత మనిషి పడే పెనుగులాట. ఈ పట్టిక మీద విమర్శలూ ఉన్నాయి, ఎందుకంటే మారానో లేదో చెప్పేది ఆ మనిషే. నన్నడిగితే ఆ విమర్శ సబబే. చుట్టాల ముందు "నేను మారిపోయాను" అని చెప్పడం ఎంత తేలిక!

నాకు ఆ పట్టికకంటే మా అత్తగారే పెద్ద సాక్ష్యం. ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నారు. 2015లో మేమంతా చేతులు కాళ్లు ఆడక నిలబడితే, ఏ కాగితాలు ముందు ఆరబెట్టాలో, నీళ్లు ఎలా కాచుకోవాలో, ఎవరికి ఏ పని అప్పజెప్పాలో ఆవిడే చెప్పారు. "పిల్లదాన్ని ఊరికే కూర్చోబెట్టకే, దానికీ ఏదో ఒక పని చెప్పు" అన్నారు. ఆ ధైర్యం ఎక్కడిదో మాకందరికీ తెలుసు. అదే మనిషి గాలి హోరెత్తితే కిటికీలన్నీ మూసి, మునగదీసుకుని దేవుడి గదిలో కూర్చుంటారు, 1977 నుంచీ అంతే. ఆవిడ గట్టిదా, పిరికిదా? మీ బావగారిని అడిగి చూడండి.

నాలో మార్పు వచ్చిందనే చెప్పాలి. అంతకుముందు మేడమీద వాళ్ల పేర్లు కూడా సరిగ్గా తెలీదు. ఇప్పుడు అక్టోబరు వస్తే వీధిలో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు ఎవరు, ఇన్సులిన్ ఎవరికి, ఎవరు ఎవరి మేడకు వెళ్లాలి అని నోటుబుక్కులో రాసి పెట్టేది నేనే. పై ఇంటి అక్క దగ్గర మా ఇంటి డాక్యుమెంట్ల సంచీ ఉంటుంది. ఇది నాకు నచ్చిన మార్పే, అలాగని వరద మంచిదే అనను. మా ఆయనలో అలాంటిదేమీ రాలేదు. మోటార్లు రీవైండింగ్ చేయించి కొన్నాళ్లు లాగి, చివరికి షెడ్డు అమ్మేసి వేరేవాళ్ల ఫ్యాక్టరీలో చేరారు. కొత్త జ్ఞానమేదీ రాలేదు, గుడికి వెళ్లడం పెరగలేదు. వాన రాత్రి పడుకుంటున్నారు. మా ఇంటికి అదే చాలు.

కాబట్టి ఎదిగానా లేదా అని తరచి చూసుకోవడం ప్రస్తుతానికి పక్కన పెట్టి, నిద్ర సంగతి చూడండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడే వీలుంది. బతకాలని లేదనే ఆలోచన ఎప్పుడైనా వస్తే రేపటిదాకా ఆగకండి. సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే, ఆ సంఘటన మీదే పనిచేసే చికిత్స ఇస్తారా, ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్స) గానీ ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం మీద పనిచేసే చికిత్స) గానీ చేస్తారా అని ముందే అడగండి. అది కొన్ని నెలలు సాగే పని. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో దిగుతాయి, అప్పుడు మొదలుపెడదాం అనుకుంటే సగం సెషన్లకు వాన వంకతో వెళ్లరు. వెళ్లేముందు వాన రాత్రి మీరు ఏమేం చేస్తారో కాగితం మీద రాసుకోండి. లేకపోతే అక్కడ కూర్చున్నాక "పెద్దగా ఏం లేదండీ, కాస్త నిద్ర పట్టట్లేదు" అనేసి లేచి వచ్చేస్తాం మనవాళ్లం.