వీడియో కాల్ కలవగానే అవతలాయన మొహం చూసి డీలా పడిపోతున్నావా పాపా?

పూతలపట్టు దగ్గర పల్లె నుంచి ఒక పాప రాసింది. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎంసీఏ ఆఖరి సంవత్సరం చదవతా ఉంది, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఆమె మాటల్లోనే: "మేడం, మూడు కంపెనీలకి ఆన్‌లైన్ టెస్ట్ పాసయి వీడియో కాల్ ఇంటర్వ్యూ దాకా పోయినా, మూడూ పోయినాయి. కాల్ కలిసిన మొదటి నిమిషంలోనే ఈ పిల్ల పనికిరాదని వాళ్ళు ఫిక్స్ అయిపోతున్నారు. మూడో ఆయన అయితే నా వైపు చూడనే లేదు, పక్కకి చూస్తా కూర్చున్నాడు. నాకప్పుడే అర్థమైపోయింది, ఎట్లోకట్ల తొందరగా అయిపోతే చాలని చిన్న చిన్న ఆన్సర్లు చెప్పినా, 12 నిమిషాల్లో థాంక్యూ అనేశాడు. వచ్చే బుధవారం ఇంకోటి ఉంది, పోవాలని లేదు. బ్యాంకు కోచింగ్‌లో చేరిపోమని నాన్న అంటున్నాడు."

పాపా, మూడు టెస్టులు పాసయినావంటే సబ్జెక్ట్ రాక పోలేదు నీ ఉద్యోగం, అది ముందు మనసులో పెట్టుకో. నాన్నతో కూడా ఇదే మాట చెప్పు.

ఇప్పుడు ఆ మూడో ఆయన సంగతి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో చానామందికి ముందర రెండు స్క్రీన్లు ఉంటాయి, ఒకదాంట్లో నువ్వు కనిపిస్తావు, పక్కదాంట్లో నీ రెజ్యూమె, మార్కులు వేసే ఫారం ఉంటాయి, నువ్వు చెప్పిందాన్ని ఆయన అందులో టైప్ చేసుకుంటా ఉంటే నీకు మాత్రం పక్కకి చూస్తున్నట్టే అనిపిస్తుంది. నిజంగానే ఆసక్తి లేక చూడలేదేమో, ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఆ మొహం చూసినాక నువ్వేం చేసినావో మాత్రం నువ్వే రాసినావు కదా, చిన్న ఆన్సర్లు చెప్పినా అని. ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుని చూడు. ప్రాజెక్ట్ గురించి చెప్పమ్మా అంటే ఎదురుగా పిల్ల "జావాలో చేసినాం సార్" అని ఆగిపోయింది. ఇంక ఆయన దేన్ని పట్టుకుని అడగాలి? ఆయనకి ఇష్టం లేదని నువ్వు ముడుచుకున్నావు, ఈ అమ్మాయికి చెప్పేదేం లేదని ఆయన ముగించేశాడు, నువ్వేమో చూసినారా నేను అనుకున్నట్టే అయింది అనుకున్నావు.

నేను కళ్ళారా చూసింది చెప్తా. పోయినేడు పలమనేరు అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చేవాడు, వాడికి బెంగళూరులో పనిచేసే మా ఫ్రెండ్‌తో వీడియోలో మాక్ ఇంటర్వ్యూ పెట్టించినా. మొదటిరోజు నేనే పొరపాటు చేసినా, జాగ్రత్తగా ఉంటాడని "ఆయన చానా స్ట్రిక్ట్‌రా, ఎవరూ ఒక పట్టాన నచ్చరు" అన్నా. వాడు టేబుల్ అంచు రెండు చేతుల్తో పట్టుకుని, గడ్డం దించుకుని కూర్చున్నాడు. ప్రాజెక్ట్ ఏంటంటే "పాల సెంటర్‌కి యాప్ సార్" అన్నాడు, అంతే. తర్వాత మా ఫ్రెండ్ ఫోన్ చేసి ఆ యాప్ ఐడియా బాగుందే, అబ్బాయి సరిగ్గా చెప్పలేదు, ఇంకోసారి మాట్లాడాలని ఉంది అన్నాడు. నాలుగు రోజులయినాక మళ్ళీ కూర్చోబెట్టి ఆ మాట ఉన్నదున్నట్టు వాడికి చెప్పినా. మనిషీ అదే, ప్రశ్నా అదే, ఈసారి వాడు మా అమ్మ పొద్దున్నే సెంటర్‌కి పాలు పోస్తుంది సార్, ఫ్యాట్ ఎంతొచ్చిందో కార్డు మీద రాస్తారు, వానకి తడిస్తే నెలాఖరుకి లెక్క తేలదు, అందుకే ఆ కార్డునే యాప్‌లో పెట్టినా అని మొదలుపెట్టినాడు. మా ఫ్రెండ్ ముందుకి వంగినాడు. నెట్ లేనప్పుడు ఎట్ల, రెండు పూటలా ఎంట్రీ ఎవరు చేస్తారు అని వరసబెట్టి అడిగినాడు, కాల్ 40 నిమిషాలు నడిచింది. అయినాక నాకు మెసేజ్ పెట్టినాడు, మొన్నటి అబ్బాయేనా అని.

ఇదేదో వాడి ఒక్కడి విషయం అనుకోవద్దు. అమెరికాలో కర్టిస్, మిల్లర్ అని ఇద్దరు 1986లోనే దీన్ని పరీక్ష చేసి చూసినారు. అప్పుడే పరిచయమైనవాళ్ళలో కొందరికి అవతలివాళ్ళకి నువ్వు నచ్చినావని, కొందరికి నచ్చలేదని నమ్మించి మళ్ళీ మాట్లాడుకోమన్నారు. నచ్చినాం అనుకున్నవాళ్ళు తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు, గొంతు, మాటతీరు కూడా ఇంకాస్త బాగున్నాయి, చివరికి అవతలివాళ్ళకి నిజంగానే నచ్చినారు.

అట్లని తప్పంతా నీదే అని నేను అనను పాపా. ఎదుటివాళ్ళ చూపు కూడా మనల్ని కిందికి లాగుతుంది. 1974లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఒక పరిశోధన జరిగింది. తెల్లజాతివాళ్ళు ఇంటర్వ్యూ చేస్తుంటే గమనించినారు, ఎదురుగా నల్లజాతి కుర్రాడు కూర్చుంటే దూరంగా జరిగి కూర్చోవడం, మాట తడబడటం, తొందరగా ముగించేయడం కనిపించింది. తర్వాత అదే దూరం, అదే తొందర తెల్లజాతి కుర్రాళ్ళ మీద కావాలని చూపించినారు. వాళ్ళు కూడా కంగారుపడి సరిగ్గా చెప్పలేకపోయినారు. అంటే ఎవర్ని అట్ల కూర్చోబెట్టినా తడబడతారు, ఊరుతోనో మీడియంతోనో సంబంధం లేదు. నీకు తగిలినవాళ్ళలో నిజంగానే చిన్నచూపు చూసినవాళ్ళు ఉండి ఉంటే ఆ అవమానం నువ్వు మోయాల్సింది కాదు.

వీడియోలో ఇది ఇంకా జాస్తి అవుతుంది. ఎదురెదురుగా అయితే తలుపు తీసుకుని లోపలికి పోతాం, నమస్తే అంటాం, నీళ్ళు తాగుతావా అంటారు, ఆ రెండు నిమిషాల్లో మనిషి మనిషికి కాస్త తెలుస్తాడు. వీడియోలో ఉన్నట్టుండి మొహం కనిపిస్తుంది, అంతే, మిగతాదంతా ముందే అనుకున్నదాంతో మనమే నింపేసుకుంటాం. దానికి తోడు నెట్. మామూలుగా ఒకరు మాట ఆపినాక ఇంకొకరు అందుకోవడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది అంతే, 10 భాషల్లో పోల్చి 2009లో చెప్పిన లెక్క ఇది. మీ హాస్టల్ వైఫైలో రాత్రి ఎనిమిదికి ఎంత లేటుగా పోతుందో నీకే తెలుసు. జర్మనీలో కాల్స్ మీద చేసిన పరిశోధన 2014లో వచ్చింది, లైన్‌లో ఒక సెకను చిల్లర ఆలస్యం పెడితే చాలు, అవతలి మనిషికే శ్రద్ధ లేదని అనుకున్నారంట, లైన్‌ని కాదు మనిషిని తప్పుపట్టినారు. కాబట్టి ఆయన మౌనంగా ఉంటే నచ్చలేదని కాదు, నీ మాట ఇంకా చేరలేదేమో. కాల్ మొదట్లోనే "సార్, నెట్ కొంచెం లేట్‌గా ఉంది, నేను ఆగి చెప్తాను" అనేసెయ్.

ఇంకోటి, మొహం చూసి మాట్లాడాలని నువ్వు స్క్రీన్ కింది మూలలో ఉన్న ఆయన్ని చూస్తావు, కెమెరా ఏమో పైన ఉంటుంది, ఆయనకి తల దించుకున్న పిల్ల కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ కింద నీ ల్యాబ్ రికార్డులు నాలుగు పెట్టి కళ్ళ ఎత్తుకి తెచ్చుకో, ఆయన విండోని కెమెరా కిందకి జరుపు, నీ బొమ్మ నీకు కనపడకుండా దాచెయ్. కిటికీ నీ వెనక కాదు, ఎదురుగా ఉండాలి.

ఊరికే ధైర్యం తెచ్చుకో అంటే రాదు, దానికి ఒక ఆధారం కావాలి, అది నీకుంది. టెస్ట్ మార్కులు చూసి వాళ్ళే నిన్ను పిలిచినారు. ఖాళీగా ఉన్న పోస్టు నిండితే ఆయన పని తీరుతుంది, నిండకపోతే రేపు ఇంకొకరితో మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాలి. అంటే కాల్ కలిసేటప్పటికి ఈ అమ్మాయి బాగా చెప్తే చాలు అనే ఆయన కూడా అనుకుంటా ఉంటాడు. బుధవారం ఇది నమ్మి కూర్చో. ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడినా ఏం పర్లేదు, ఒక్క వాక్యంతో మాత్రం ఆపొద్దు. కాల్ అయినాక మొహం గుర్తుచేసుకుని ఏడవొద్దు, మొదటిసారి కలిసినాక అవతలివాళ్ళకి మనం ఎంత నచ్చినామో మనం తక్కువే అంచనా వేసుకుంటామని 2018లో ఒక పరిశోధనలో తేలింది.

బ్యాంకు కోచింగ్ మంచిదే, నాకేం అభ్యంతరం లేదు, కాకపోతే 12 నిమిషాల కాల్‌కి భయపడి పోవద్దు, బ్యాంకులో పీఓ, అంటే ఆఫీసర్ పోస్టుకి పోయినా చివర్లో ఇంటర్వ్యూ ఉంటుంది.

శనివారం పొద్దున పదింటికి బాలాజీ కాలనీలో మా ఆఫీసుకి రా. బుధవారం వాడే ల్యాప్‌టాప్, ఇయర్‌ఫోన్స్ తెచ్చుకో, నువ్వొక రూములో నేనొక రూములో కూర్చుని కాల్ చేసుకుందాం. ఇంత పెద్ద లెటర్ రాసినావు గానీ నీ ప్రాజెక్ట్ ఏంటో ఒక్క ముక్క రాయలేదు, మొదట అదే అడుగుతా.